అర్జునుడు దిగిన రథము

మహాభారతమున శల్యపర్వము చివర ఒక చిన్న ఘట్టము కలదు. గొప్ప యుద్ధముల వర్ణనల సరసన నుండుటచే పలువురు దానిని త్వరగా చదివి దాటిపోవుదురు. దుర్యోధనుడు తొడలు విరిగి నేల కూలెను. పదునెనిమిది దినముల సంగ్రామము ముగిసెను. పాండవులు విజయులై కౌరవ శిబిరమునకు వచ్చిరి. అప్పుడు శ్రీకృష్ణుడు అర్జునుని పిలిచి, గాండీవమును, అక్షయ తూణీరములను తీసికొని ముందుగా నీవు రథము దిగుము, పిమ్మట నేను దిగెదనని చెప్పెను. అర్జునుడు ఎదురు పలుకక దిగెను. భగవానుడు పగ్గములను విడిచి తానును దిగెను. తక్షణమే ధ్వజముపై నున్న కపి అదృశ్యమయ్యెను. ఎవరును నిప్పు పెట్టలేదు. అయినను ఆ మహారథము గుఱ్ఱములతోను, కాడితోను, పగ్గములతోను కూడ అందరును చూచుచుండగనే బూడిదయ్యెను.

అది సామాన్యమైన రథము కాదు. ఖాండవ దహనకాలమున అగ్నిదేవుని కోరికపై వరుణుడు తెచ్చి యిచ్చినది. అట్టిది పోయినప్పుడు అర్జునుడు నేలబడి విలపించినట్లు వ్యాసమహర్షి చెప్పలేదు. చేతులు జోడించి, ఇది యెట్లు జరిగినదని మాత్రమడిగెను. దానికి భగవానుడిచ్చిన సమాధానము మిక్కిలి ఆలోచింపదగినది. ద్రోణ కర్ణాదుల అస్త్రములచే ఈ రథము లోగడనే దగ్ధమైనది. నేను దానిపై కూర్చుండి యుండుటచే విరిగిపడక నిలిచినది. నీ కార్యము నెరవేరినది గనుక ఇప్పుడు విడిచితినని దాని భావము.

ఈ కథ యిచట చెప్పుటకు కారణము కలదు. మధ్య భారతమున భిలాయి యను ఉక్కు పట్టణము గలదు. 1955లో సోవియటు దేశముతో జరిగిన ఒడంబడికవలన అచట కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాటినుండి ఉత్తరాంధ్రమునుండి వేలకొలది తెలుగు కుటుంబములు అచటికి పోయి, కొలిమిలోను, రోలింగు మిల్లులోను చెమటోడ్చి పిల్లలను పెంచుకొన్నవి. కంపెనీ క్వార్టరు విడువవలసిన దినము వచ్చినప్పుడు, స్వగ్రామమునకు తిరిగి పోలేక, సెక్టారులకు వెలుపల గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు పొరుగున నున్న నెహ్రూ నగర్ వంటి చోట్ల చిన్న యిల్లు కట్టుకొని నిలిచిపోయినవారును ఉన్నారు. అట్టి యొక గృహస్థుని ఊహింపుడు. పదవీ విరమణ జరిగి మూడేండ్లైనది. కూతురి చదువు ఇంకను పూర్తి కాలేదు. విజయనగరము దగ్గరి పల్లెలో వృద్ధురాలైన తల్లి కలదు. ఇంటి ముందు పదునాలుగేండ్ల పాత కారు. ఒకనాడు వెనుకనుండి లారీ ఢీకొనుటవలననో, ఇంజను పట్టివేయుటవలననో ఆ కారు పోయినది. మనుష్యులు క్షేమము. మెకానిక్కు బానెట్టు తెరచి చూచి, బాగు చేయుటకగు ఖర్చుకు ఇట్టి కార్లు రెండు వచ్చునని చెప్పినాడు.

వినువారికి ఇది చిన్న విషయమే. కాని ఆ యింటిలో ఆ రాత్రి అన్నము సహించదు. విజయదశమినాడు పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి పూజించిన వస్తువది. విశ్వకర్మ పూజనాడు కర్మాగారములో యంత్రమునకు దండ వేసి, ఇంటికి వచ్చి దానికిని ఒక దండ వేసినారు. పిల్లను పరీక్షలకు తీసికొనిపోయినది అదే, భార్యను ఆసుపత్రికి చేర్చినది అదే. దుఃఖము కలుగుట తప్పని చెప్పువాడు శాస్త్రమును చదివియుండవచ్చును గాని సంసారమును చూచినవాడు కాడు. ఇది మీ పూర్వ పాపమనియు, గ్రహదోషమనియు చెప్పి, అప్పు చేసియైనను శాంతి జరిపింపుడని సలహా ఇచ్చువారు వేఱొక తెగ. యంత్రము అరుగుటకు గ్రహములతో పని లేదు. నష్టములో నున్నవానికి నేరము కూడ అంటగట్టుట ధర్మము కాదు.

దుఃఖము ఒకటి, లెక్క యొకటి. రెంటిని కలుపుటవలననే కీడు వచ్చును. ఇప్పుడు పోయినదెంత? గృహస్థుని మనస్సు, నా కారు నాలుగు లక్షలు పెట్టి కొన్నది, నాలుగు లక్షలు పోయినవి అనును. అది నిజము కాదు. బీమా వారి లెక్కను చూడుడు. క్రొత్త కారు ఆరు నెలలు దాటగనే నూటికి పదునైదు వంతుల విలువ తీసివేయుదురు. నాలుగేండ్లు దాటినచో సగము. అయిదేండ్ల పిమ్మట వారి పట్టికయే ముగియును. ఆపై విలువను ఇరుపక్షములు మాటలాడుకొని నిర్ణయించుకొనవలసినదే. మోటారు వాహనముల చట్టము కూడ సొంత కారుకు మొదట పదునైదేండ్ల ఆయువునే వ్రాసినది. ఆ పిదప పరీక్ష చేయించి అయిదేసి యేండ్లు పొడిగించుకొనవలెను. కనుక పదునాలుగేండ్ల కారు మొన్న రోడ్డుపై పోలేదు. ఏటేట కొంత కొంత పోవుచునే యున్నది. మిగిలినది తుక్కు వెలయును, ఇంకను తిరుగుచున్నదను సౌకర్యమును మాత్రమే. అర్జునుని రథము లోగడనే దగ్ధమైనదని భగవానుడు చెప్పినది ఇట్టిదే గదా! దగ్ధమైన పిదప కూడ అది నడచినన్ని దినములు అనుగ్రహముగా లభించినవి. నాలుగు లక్షలు పోయినవని ఏడ్చుచున్నవాడు, ఏనాడో పోయినదానికి నేడు రెండవమారు ఏడ్చుచున్నాడు.

భిలాయి వాసులకు ఈ సంగతి నాకంటె బాగుగ తెలియును. బ్లాస్టు ఫర్నేసు లోపలి గోడకు పేర్చిన అగ్నిసహ ఇటుకలు నిప్పు వేసిన మొదటి దినమునుండియే అరుగుట ప్రారంభించును. ఒకనాటికి కొలిమిని ఆర్పి, పాత ఇటుకలను పెరికి, క్రొత్తవి పేర్చవలసినదే. ఆ దినము వచ్చుననియెరిగి కర్మాగారము ముందుగనే తరుగుదల లెక్క వ్రాయుచుండును, సొమ్ము సమకూర్చుచుండును. కొలిమి ఆగిన దినమున ఇంజనీరు తల బాదుకొనడు. ముప్పది యేండ్లు ఆ కొలిమి ఎదుట నిలిచిన మనుష్యుడు, తన యింటి ముందున్న యంత్రము విషయమున మాత్రము అది శాశ్వతమని తలచినాడు. మమకారమను మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నాకు తెలియదు.

ఇంతవరకు జరిగినది దైవికము. అసలు ప్రమాదము ఆ రాత్రి, భోజనానంతరము, ఇంటిలో ప్రారంభమగును. బావమరది ఫోను చేయును. "బావగారూ, నెహ్రూ నగర్‌లో ఇల్లుండి, వాకిట కారు లేకున్న ఏమి మర్యాదండీ? రేపు పిల్లను చూచుకొనుటకు ఎవరైన వచ్చినచో ఏమనుకొందురు? బ్యాంకువారు రెండు దినములలో అప్పు ఇచ్చెదరు. ఈమారు పెద్ద కారే తీసికొనుడు" అనును. అతడు చెడ్డవాడు కాడు. ప్రేమతోనే చెప్పుచున్నాడు.

ఇచట భారతములోని మఱియొక రథమును స్మరింపవలెను. ధర్మరాజు హస్తినాపురమునకు జూదమాడ వచ్చినప్పుడు, తొలి పణములలోనే, తాము ఎక్కి వచ్చిన రాజరథమును ఒడ్డి ఓడిపోయెను. రథము పోయినంతనే లేచి వచ్చియున్నచో భారతకథ వేఱుగ నుండెడిది. పోయినదానిని రాబట్టవలెనను తాపముతో దాసదాసీజనమును, ఏనుగులను, గుఱ్ఱములను, ధనరాసులను, రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. రథము పోవుట ఆయనను చెరుపలేదు. ఆ లోటును వెంటనే పూడ్చవలెననుటయే చెరిపినది. ఒకే వంశమున ఇద్దరు సోదరులు రథము పోగొట్టుకొనిరి. ఒకడు దిగి ప్రశ్నించెను, ఒకడు కూర్చుండి పందెము పెంచెను.

పందెమనగా ఎంతయో లెక్కింపుడు. క్రొత్త కారుకొరకు ఆరు లక్షలు, నూటికి సాలుకు తొమ్మిది వంతున, అయిదేండ్లకు అప్పు తెచ్చినాడనుకొందము. నెలసరి వాయిదా సుమారు 12,455 రూపాయలగును. అయిదేండ్లకు కట్టు మొత్తము సుమారు 7,47,000. వడ్డీయే లక్షా నలుబది యేడు వేలు. అంత కట్టలేనని అతడు సంశయించినచో, ఏడేండ్లకు చేసికొనుడు, వాయిదా తగ్గును అని చెప్పుదురు. నిజమే, వాయిదా 9,653 రూపాయలకు దిగును. కాని మొత్తము ఎనిమిది లక్షల పదివేలు దాటును. నెలకు మూడువేలు తేలికయైనదని సంతోషించినవాడు, తనకు తెలియకయే అరువది మూడు వేలు అదనముగా ఒప్పుకొన్నాడు. ఏడేండ్ల చివర ఆ కారు విలువ పైని చెప్పిన బీమా పట్టికకు వెలుపల నుండును. పెట్రోలు, బీమా, మరమ్మతులు వేఱు. జీతము వచ్చు దినములలో ఇది బరువు. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీల వడ్డీపై బ్రతుకువానికి ఇది బిడ్డ చదువునో, తల్లి మందులనో పణముగా పెట్టుట. అప్పు వలదని మూలధనమునే తీసి ఒక్కమారు ఇచ్చివేయువారు తమది నిశ్చింతయనుకొందురు. వారు పెట్టిన పణము ఇంకను పెద్దది, ఏలయన పదవీ విరమణానంతరము ఆ సొమ్ము మఱల పుట్టదు.

అట్లయిన ఎన్నడును కారు కొనరాదా? అట్లు చెప్పుట నా తలంపు కాదు. వాహనముపై జీవనము గడుపువాడు, కదలలేని వృద్ధులు గలవాడు కొనక తప్పదు. మిగిలినవారు మాత్రము మూడు నెలలు ఆగవలెను. ఆ మూడు నెలలును ఆటోకు, టాక్సీకి అయిన ప్రతి రూపాయిని ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. కారు నిజముగా అవసరమా, కేవలము అలవాటా యను సంగతిని ఆ పుస్తకము చెప్పును. బావమరదియు చెప్పలేడు, నేనును చెప్పలేను. బ్యాంకుకు కట్టదలచిన 12,455 రూపాయలలో తిరుగుడు ఖర్చు పోను మిగిలినదానిని వేఱుగా దాచుచు రావలెను. ఖర్చు లేక మొత్తము దాచగలిగిన యింట రెండేండ్లకు దాదాపు మూడు లక్షలగును. మంచి స్థితిలో నున్న పాత కారు అప్పు లేక వచ్చును. బ్యాంకునకు వడ్డీ ఇచ్చుటకు సిద్ధపడినవాడు, తన యింటికి తాను వాయిదా కట్టుకొనలేడా?

ఖర్చు విషయమున మన పూర్వులు మౌనముగా నుండలేదు. మయసభలో ధర్మరాజును చూడవచ్చిన నారదమహర్షి వేదాంతమును అడుగుటకు ముందు లెక్కలనడిగెను. నీ వ్యయము ఆదాయములో నాలుగవ వంతుతోనో, సగముతోనో, మూడు వంతులతోనో సరిపోవుచున్నదా యని ఆయన ప్రశ్న. మూడు వంతులు దాటుటను ఆ ప్రశ్నయే అంగీకరింపలేదని గమనింపుడు. (ఆ హితవు విన్న రాజే పిదప జూదమాడినాడు, వినుట వేఱు, పట్టుకొనుట వేఱు.) భాగవతమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తితో, ధనమును ధర్మమునకు, కీర్తికి, మఱల ధనము పెంచుటకు, సుఖమునకు, స్వజనమునకు అని అయిదు పాళ్ళుగ పంచుకొన్నవాడు సుఖించునని చెప్పెను. బలి వామనునకు సర్వము నిచ్చెను, అది వేఱు కథ. గృహస్థునకు మాత్రము ఆ అయిదు పాళ్ళ లెక్క నేటికిని మేలైనది. వాకిట కారు కీర్తి పాలులోనిదా, సుఖము పాలులోనిదా యని అడిగి చూడుడు. స్వజనము పాలులోనుండి తీసి కీర్తి పాలులో పోయుచున్నట్లు పలు ఇండ్లలో బయటపడును.

రాత్రివేళ ఆపద వచ్చినచో నేమి చేయుదుమని గృహిణులడుగుదురు. ఇది న్యాయమైన భయము, దీనిని మర్యాద భయముతో కలుపరాదు. 108కి ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. పొరుగున కారు గలవారు ఇద్దరితో ముందుగనే మాటలాడి, అవసరమైనప్పుడు లేపెదమని చెప్పియుంచవలెను. ఒక్క నమ్మకమైన టాక్సీవాని నంబరును గోడపై పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టవలెను. సెక్టారు 9లోని ఆసుపత్రి నెహ్రూ నగర్‌కు దూరదేశము కాదు. సాయమడుగుటకు సిగ్గుపడువాడు, ఇన్నాళ్ళు తన కారులో తాను ఎందరిని ఎక్కించుకొనిపోయెనో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఇక పోయిన కారును ఏమి చేయవలెను? గాండీవమును, తూణీరములను తీసికొని దిగుమని భగవానుడు చెప్పిన మాటను ఇచట మఱువరాదు. రథము కాలునుగాని, నీవి నీవు తీసికొనవలెను. బీమా పత్రమును మొట్టమొదట చదువవలెను. చట్టము తప్పనిసరి చేసినది ఇతరులకు కలుగు హానికొరకైన బీమా మాత్రమే. ఆ యొక్కటియే కట్టినవానికి సొంత కారు పోయినందులకు పైకము రాదు. సమగ్రమైన బీమా యున్నచో జాగు చేయక కంపెనీకి తెలుపవలెను. బాగు చేయు ఖర్చు పత్రమున వ్రాసిన విలువలో నూటికి డెబ్బదియైదు వంతులు మించినచో పూర్తి నష్టముగ భావింతురు. ఇంజను అరిగిపోయిన నష్టము సాధారణముగ అందులోనికి రాదు. దొంగిలింపబడినదైనచో పోలీసు ఫిర్యాదు ముందు. పోయిన బండిని పదివేలు ఎక్కువ ఇచ్చెదమని వచ్చిన తుక్కు వ్యాపారికి, పేరు మార్పింపక, నోటి మాటపై అప్పగించుట మిక్కిలి అపాయకరము. పుస్తకములో ఎవరి పేరున్నదో వారే బాధ్యులని 2018లో సుప్రీం కోర్టు స్పష్టపరచినది. ఆ బండి మఱల రోడ్డెక్కి ఎవరినైన కొట్టినచో నోటీసు మీ యింటికే వచ్చును. 2021 నిబంధనల ప్రకారము నమోదైన తుక్కు కేంద్రమునకు ఇచ్చి, డిపాజిటు పత్రము తీసికొని, రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. ఆ పత్రముపై ముందెన్నడైన క్రొత్త కారు కొన్నచో, రాష్ట్రము అనుమతించిన మేరకు, రోడ్డు పన్నులో నూటికి ఇరువదియైదు వంతులవరకు తగ్గింపు దొరకవచ్చును. ఫాస్టాగ్‌ను మూయించుట కూడ మఱువరాదు. ఇవి లౌకిక విషయములని కొందరు పెదవి విరుతురు. తన పేరున్న వస్తువు ఇంకొకరికి హాని చేయకుండ చూచుకొనుట అహింసలో భాగము కాదా?

అరణ్యవాసము చివర యక్షుడు ధర్మరాజును, సుఖించువాడెవడని అడిగెను. జూదమున సర్వము పోగొట్టుకొని పన్నెండేండ్లు అడవిలో తిరిగిన రాజు చెప్పిన జవాబు ఆశ్చర్యము గొలుపును. పగలు చాలవరకు గడచిన పిదపనైనను తన యింట ఆకుకూర వండుకొని తినువాడు, అప్పు లేనివాడు, పరదేశములో నుండనివాడు సుఖియని ఆయన చెప్పెను. రథముల మాట ఆ జవాబులో లేదు. భిలాయిలోని తెలుగువారికి ఈ మూడింటిలో చివరిది తాత తండ్రులనాడే చేయి జారినది. పొట్టకొరకు ఊరు విడిచివచ్చినవారు దానికి చేయగలిగినది తక్కువ. అప్పు లేకుండుట యింకను వారి చేతిలోనే యున్నది.

సంక్రాంతికి తల్లి యొద్దకు ఎట్లు పోవుదుమని ఆ యింటి బిడ్డ అడుగును. కారులో పోయినప్పుడు తండ్రి దినమంతయు చక్రము పట్టుకొనియే యుండెడివాడు, మాటలాడుటకు కుదిరెడిది కాదు. దుర్గ్ స్టేషనులో రైలెక్కినచో రాయపూరు, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురము, బొబ్బిలి దాటి విజయనగరమున దిగవచ్చును. 2024 సెప్టెంబరునుండి విశాఖపట్టణమునకు వందేభారత్ కూడ నడచుచున్నది. అవ్వకు ఇష్టమైనవేవో సంచిలో సర్దుకొని, పండుగ రద్దీకి ముందే టిక్కెట్లు చేయించుకొనుమని ఆ బిడ్డకు చెప్పవలెను.